వెయ్యిన్నీ యాభై దగ్గర రెండో దయ్యం

నాలుగింటికి సంతకం. నేను కాగితం మిల్లు గేటు దాటేసరికి ఒంటిగంటా పది. ఈలోపు, చచ్చిపోయిన మనిషి చివరిగా చెప్పిన మాట అబద్ధమని నేను తేల్చాలి.

బడి గుమ్మం నేను ఎక్కింది వాన పడినప్పుడు తల దాచుకోవడానికే. ఆ తర్వాత ఇరవై ఏళ్లు లారీల కింద వెల్లకిలా పడుకుని బతికాను. ఇంజను దగ్గు విని, డ్రైవరు ముందురోజు ఎన్ని గంటలు పడుకున్నాడో చెప్పేవాణ్ణి. ఒకసారి టైరు అరుగుదల చూసి దాని యజమానికి రెండో సంసారం ఉందని చెప్పాను. ఆవిడ ఉండే వీధిలో తప్ప అలాంటి గతుకులు భూమ్మీద ఎక్కడా లేవు మరి. నన్ను డిటెక్టివ్‌ని చేసింది ఆయన మొదటి భార్యే. ఇలాంటివి నా సంచిలో నలభై ఉన్నాయి. ఇది నలభై ఒకటోది. దీన్ని మాత్రం నవ్వుతూ మొదలుపెట్టి నవ్వుతూ ముగించడం నాకు ఇప్పటికీ చేతకాలేదు.

చచ్చిపోయింది నాడి మేస్త్రి. నాకంటే ఆరేళ్లు పెద్ద, అన్నా అని పిలిచేవాణ్ణి. లారీ షెడ్డులో నాకు స్పానరు పట్టుకోవడం నేర్పింది ఆయనే. తర్వాత ఈ మిల్లులో చేరి ముప్పై ఒక్క ఏళ్లు చేశాడు. వైద్యుడు మణికట్టు పట్టుకున్నట్టు మెషిన్ మీద అరచెయ్యి పెట్టి, కళ్లు మూసుకుని, దాని రోగం చెప్పేవాడు. అందుకే ఆ పేరు.

మొన్న పొద్దున పదకొండూ ముప్పై నాలుగుకి, మొదటి లైన్ బ్లోయరు కింద వేలాడే ఇనప దిమ్మ స్ప్రింగు తెగి ఆయన రొమ్ముకి కొట్టింది. పదకొండూ యాభై ఎనిమిదికి మిల్లు ఆస్పత్రి గదిలో పోయాడు. పోయేముందు కాంపౌండరు చేత ఒక కాగితం రాయించి సంతకం పెట్టాడు. మెషిన్ నడుస్తుండగా నట్టు నేనే వదులు చేశాను, తప్పు నాదే అని. ఆ కాగితం పెట్టుకుని మిల్లువాళ్లు నివేదిక తయారుచేశారు. తనిఖీ అధికారి నాలుగింటికి వచ్చి దాని మీద సంతకం చేస్తాడు. ముప్పై ఒక్క ఏళ్ల మనిషి చివరికి ‘అజాగ్రత్త’ అనే ఒక్క మాటగా మిగులుతాడు.

ఆయన కూతురు అదే మిల్లులో ట్రైనీ. ఆ టైముకి సరిగ్గా నాన్న నెత్తి మీద, బ్లోయరు పక్క క్యాబిన్‌లో కూర్చుని ఉంది. కింద ఏదో విరిగిన అదురుకి మెషిన్ ఆపింది కూడా ఆ అమ్మాయే. నిన్న మా ఇంటికొచ్చి, గుమ్మంలోనే నిలబడి ఒక్క మాట చెప్పింది.

“బాబాయ్, ఆవిరి పోయిందాకా ఇంట్లో కుక్కరు మూత కూడా ముట్టుకోనిచ్చేవాడు కాదు నాన్న. నడిచే మెషిన్ మీద నట్టు తిప్పాడంటే నేను నమ్మను. ఆ మాట కాగితం మీద ఉండకూడదు.”

ముందు కాంపౌండరు దగ్గరికి వెళ్లాను. మెత్తటి మనిషి, అబద్ధం చెప్పే ఓపిక లేనివాడు. మేస్త్రిని పదకొండూ నలభై ఒకటికి మోసుకొచ్చారన్నాడు. తెలివి ఉందట, మాట కూడా స్పష్టంగానే ఉందట. ఎవరూ ఏమీ అడగకముందే కాగితం తెమ్మన్నది ఆయనేనట. అంతకుముందు ఏమైనా అన్నాడా అని అడిగాను. పైన అమ్మాయి ఎలా ఉందని మేస్త్రి రెండుసార్లు అడిగాడని కాంపౌండరు చెప్పాడు. ఏమీ కాలేదు, క్షేమంగా ఉందని చెప్పాక గాని కాగితం మాట ఎత్తలేదట.

ఎముకలు విరిగిన మనిషి నీళ్లు అడుగుతాడు, డాక్టరుని అడుగుతాడు. కాగితం అడగడం నేనెక్కడా వినలేదు. మాటని మడిచి జేబులో పెట్టుకుని బ్లోయరు హాలుకి నడిచాను.

టైము ఒకటీ నలభై. హాల్లో నాకంటే ముందే ఒకాయన చేరాడు. మిల్లువాళ్లు పిలిపించిన నిపుణుడు. ఒళ్లో కంప్యూటరు, చెవి మీద పెన్ను. పనివాళ్లు అప్పటికే ఆయనకి సూత్రం సార్ అని పేరు పెట్టేశారు, మాటకి ముందొకటి వెనకొకటి సూత్రం చెబుతాడని. నన్ను పైనుంచి కిందిదాకా చూసి, ఈ పెద్దాయన ఎవరి తరపున అని గాలిని అడిగాడు. చచ్చిపోయినాయన తరపున అని గాలికే చెప్పాను.

ఆ దిమ్మ అక్కడెందుకుందో ముందు చెప్పాలి. కాగితం ఆరడానికి వేడిగాలి కొట్టే పెద్ద బ్లోయరు, నాలుగు స్తంభాల ఇనప మంచె మీద ఉంటుంది. దాని పక్కనే క్యాబిన్. బ్లోయరు నిమిషానికి తొమ్మిది వందల చుట్లు తిరుగుతుంది. ఖర్మకాలి ఆ మంచెకి కూడా సరిగ్గా అంతే వేగంతో ఊగడం ఇష్టం. ఇద్దరికీ తాళం కుదిరింది. పైన నిలబడి టీ తాగితే సగం చొక్కాకి పోయేదట. పళ్లు కట్టించుకున్న ఆపరేటరు ఒకడు డ్యూటీకి వచ్చేటప్పుడు వాటిని ఇంట్లో పెట్టి వచ్చేవాడట.

ఆరేళ్ల కిందట మేస్త్రి ఆ మంచె కిందనుంచి నాలుగు స్ప్రింగులకి ఒక ఇనప దిమ్మ వేలాడదీశాడు. మంచె మీది బరువంతటిలో పదో వంతు ఉంటుంది. పద్దెనిమిది రోజులు దాన్ని కొంచెం కొంచెం అరగదీస్తూ, బ్లోయరు వేగం పెంచుతూ తగ్గిస్తూ, మంచె మీద చెయ్యి పెట్టి చూస్తూ గడిపాడు. పంతొమ్మిదో రోజు మంచె ఆగిపోయింది. పైన బ్లోయరు తిరుగుతోంది, కింద దిమ్మ ఊగుతోంది, మధ్యలో మంచె పసిపిల్ల నిద్రపోయినట్టు పడుంది. గ్లాసులో నీళ్లు పెడితే మొహం చూసుకోవచ్చు. అందరూ దాన్ని ఉయ్యాల అన్నారు. రెండో లైనుకీ అలాంటిదే కట్టించుకున్నారు. ఉయ్యాల ఉండగా మంచె ఊగదు అన్న మాట మిల్లంతా పాకింది. తొమ్మిది వందల దగ్గర ఊగదు అని మేస్త్రి చెప్పిన మాటలో, ముందు ముక్క ఎక్కడో జారిపోయింది.

ఇప్పుడా దిమ్మ ఒక పక్కకి ఒరిగి వేలాడుతోంది. ఒక స్ప్రింగు మధ్యకి తెగింది, మంచె స్తంభాల కింద రెండు బోల్టులు విరిగి ఉన్నాయి. నేల మీద ఉన్న మరక సంగతి నేను చెప్పను.

సూత్రం సార్ నాకు పాఠం చెప్పినట్టు చెప్పుకొచ్చాడు. స్పానరు చేతిలో ఉంది, మనిషి నట్ల కిందే పడున్నాడు, తనే ఒప్పుకున్నాడు. నట్టు వదులైతే దిమ్మ ఒరుగుతుంది, ఒరిగితే స్ప్రింగు తెగుతుంది. మామూలు సంగతి.

స్పానరు తెప్పించుకుని దాని సైజు చూశాను. ఇరవై నాలుగు. మోకాళ్ల మీద కూర్చుని దిమ్మ నట్లకి చెయ్యేశాను. ముప్పై.

“సార్, ఇరవై నాలుగు స్పానరుతో ముప్పై నట్టు తిప్పి చూపించండి. ఈ వయసులో నేర్చుకుంటా.”

ఆయన స్పానరు తీసుకున్నాడు, నట్టు దగ్గర పెట్టాడు, మళ్లీ నాకు ఇచ్చేశాడు. ఎనిమిది నట్లూ బిగుతుగానే ఉన్నాయి. నట్టు మీద నుంచి మర దాకా వేసిన రంగు ఎక్కడా చిట్లలేదు. ఆరేళ్లుగా వాటినెవరూ ముట్టుకోలేదు.

“మరి స్పానరు ఎందుకు పట్టుకున్నట్టు?” అన్నాడు.

దాని అంచుకి ఆకుపచ్చ రంగు అంటుకుని ఉంది. హాల్లో ఆకుపచ్చది ఒక్కటే, నేల నుంచి మంచె దాకా పోయే ఆవిరి గొట్టం. రొమ్మెత్తు దగ్గర దాని మీద కొత్త సొట్టలు. మూడు, కొంచెం ఎడం, మూడు, కొంచెం ఎడం, మళ్లీ మూడు. ఆ మిల్లులో గొట్టం మీద మూడు దెబ్బలంటే పైవాళ్లు మెషిన్ ఆపాలని. ఆ హాల్లో ఆపే స్విచ్చిగానీ ఫోనుగానీ పైన క్యాబిన్‌లో తప్ప ఎక్కడా లేవు. మేస్త్రి చేతికందిన స్పానరుతో తొమ్మిదిసార్లు మొత్తుకున్నాడు.

ఇంకొకటి కూడా చూశాను. దిమ్మకీ మంచె దూలానికీ నడుమ సందులో, ఎడమ పక్క, ఒక కొయ్య ముక్క గట్టిగా దిగగొట్టి ఉంది. అలాంటిదే ఇంకోటి నేల మీద, కుడి పక్క పడి ఉంది. అది ఎందుకో నాకు అప్పుడు తెలియలేదు. సూత్రం సారుకీ తెలియలేదు. కాకపోతే ఆయన మొదటిసారి కంప్యూటరు మూత దించాడు.

రెండూ ఇరవై అయిదుకి పైకెక్కాను, ఒక్కణ్ణే. యాభై రెండు మెట్లు, హాలు చుట్టూ తిరిగి అవతలి వైపు నుంచి ఎక్కాలి. కింద ఉన్న మనిషి పరిగెత్తినా నిమిషమున్నర. హాల్లో నన్ను కలిసిన మేస్త్రి కూతురు మెట్ల దగ్గరే ఆగిపోయింది. రమ్మని నేను అనలేదు.

క్యాబిన్‌లో కొక్కేనికి చెవులు మూసుకునే డిప్పలు వేలాడుతున్నాయి. లోపలి పట్టీ మీద రంగు పెన్నుతో ‘తియ్యకు’ అని మేస్త్రి చేతిరాత. కూతురి చెవులు పాడవకూడదని తండ్రి పెట్టించిన డిప్పలు. కింద గొట్టం మీద ఎన్ని దెబ్బలు పడితే ఏం లాభం. అక్కడున్న కుర్చీలో కాసేపు కూర్చున్నాను.

రిజిస్టరు తీశాను. మొన్న పొద్దున ఆరింటి నుంచి గంట గంటకీ తొమ్మిది వందలు, తొమ్మిది వందలు అని షిఫ్ట్ సూపర్‌వైజరు దస్తూరీ. పక్కనే పాత మీటరు ఒకటుంది. గుండ్రటి కాగితం మీద పెన్ను తిరుగుతూ బ్లోయరు వేగాన్ని గీస్తుంది. రోజుకో కాగితం. మొన్నటిది అందులో లేదు.

లారీ షెడ్డులో పాత ఫిల్టర్లని మేం దేనికి వాడేవాళ్లమో చెబితే మీరు అన్నం మానేస్తారు. ఏ పనిచోటైనా అంతే, వాడేసిన వస్తువుకి ఇంకో జన్మ ఉంటుంది. ఆ క్యాబిన్‌లో గుండ్రటి కాగితాల రెండో జన్మ టీ గ్లాసుల మీద మూత. బల్ల మీద ఆరు గ్లాసులు బోర్లించి, మూతలు పక్కన దొంతిగా పెట్టి ఉన్నాయి. పైనుంచి మూడోది మొన్నటి తేదీది. దాన్ని తీసి దాచినవాడు చించేసి ఉండాల్సింది. కానీ అక్కడ ఆ కాగితాన్ని ఎవరూ కాగితంగా చూడరు.

పెన్ను గీత పొద్దున ఆరింటికి పైకి లేచింది. లేస్తూ లేస్తూ ఏడు వందల డెబ్భై దగ్గర కాస్త బూజు పట్టినట్టు వణికింది. మీటరు కూడా మంచె మీదే ఉంది కనక మంచె వణికితే పెన్నూ వణుకుతుంది. మిగతా మూతలు చూశాను. అన్నిట్లోనూ అదే చోట అదే వణుకు. పనివాళ్లు దాన్ని ఆవులింత అంటారట, మెషిన్ నిద్ర లేస్తోందని. ఆ తర్వాత గీత తొమ్మిది వందల మీద తిన్నగా నడిచింది. పదకొండూ ఇరవై ఒకటికి ఒక మెట్టు ఎక్కింది. ఇంకో నిమిషానికి ఇంకో మెట్టు. అలా పది మెట్లు. పదకొండూ ముప్పైకి వెయ్యిన్నీ యాభై. అక్కడ గీత గీతగా లేదు, సిరా ఒలికినట్టు మందంగా అలుక్కుపోయింది. నాలుగు నిమిషాల తర్వాత జారి కింద పడింది.

దొరికాడనుకున్నాను. ట్రైనీలు వేగం మీట ముట్టుకోకూడదు. రిజిస్టరు రాసింది సూపర్‌వైజరు. నా మనసు ఎగిరి గంతేసింది, ఆ మాట దాచను. ఆ అమ్మాయి కింద మెట్ల దగ్గరే ఉన్నా, వేగం ఎవరైనా పెంచారా అని ఒక్కసారి అడగడం నాకు తట్టలేదు.

రెండూ యాభైకి సూపర్‌వైజరు గదిలో కూర్చున్నాం. ఆయన్ని బొంగరం అంటారు. కుదురుగా నిలబడడు, ఏ పనైనా ఒక్క విసురులో అయిపోవాలి. సూత్రం సారు కూడా వచ్చాడు. గుండ్రటి కాగితం బల్ల మీద పెట్టాను. బొంగరం దాన్ని చూసి, తర్వాత కిటికీ చూసి, సరుకు తొందరగా కావాలని పైనుంచి ఒత్తిడి వచ్చిందని, వేగం పెంచమన్న మాట నిజమేనని, అంత మాత్రానికి ఏమీ కాదని గబగబా చెప్పేశాడు. తొమ్మిది వందలు దాటొద్దని మేస్త్రి ఎప్పుడో అన్నాడట. పెద్దవాళ్లు ఏదో అంటుంటారట.

నాకు ఆశ్చర్యమేసింది, సూత్రం సారు ఆయన్నే బలపరిచాడు. కంప్యూటరు తెరిచి చూపించాడు. మంచె, బ్లోయరు, దిమ్మ అన్నీ కలిపి ఒకే బరువు కింద లెక్కేశాడట. ఆ లెక్కలో గట్టిగా ఊగే వేగం ఒక్కటే, ఎనిమిది వందల అరవై దగ్గర. వెయ్యిన్నీ యాభై దానికి చాలా దూరం, అక్కడ భయమే లేదు.

“మరి రోజూ పొద్దున్నే ఏడు వందల డెబ్భై దగ్గర ఎందుకు ఆవులిస్తోంది సార్?” అన్నాను. “మీ లెక్కలో ఆ నంబరు లేదు. ఆరు మూతల మీదా ఉంది.”

దిమ్మని వేరుగా ఎందుకు లెక్కెయ్యలేదని అడిగాను. మంచెకి తగిలించే ఉంది కదా అన్నాడు.

“తగిలించి ఉండటం వేరు, కలిసి ఊగటం వేరు సార్.”

ఫైళ్లకి చుట్టిన రబ్బరు బ్యాండ్లు రెండు తీశాను. ఒకదానికి బీరువా తాళం కట్టాను. తాళం కింద రెండో బ్యాండు, దానికి నా తాళంచెవులు. పై కొస వేళ్లతో పట్టుకుని నెమ్మదిగా ఊపాను. తాళం, చెవులు రెండూ కలిసి కిందికి, కలిసి పైకి, చూస్తుండగానే పెద్ద ఊపు అందుకున్నాయి. కొంచెం వేగం పెంచాను. తాళం నిలబడిపోయింది, కింద చెవులు ఒక్కటే ఎగురుతున్నాయి. మేస్త్రి పట్టుకున్న చోటు అది. ఇంకొంచెం పెంచాను. తాళం పైకి పోతే చెవులు కిందికి, చెవులు పైకి వస్తే తాళం కిందికి, ఎదురెదురుగా కొట్టుకుని, బ్యాండు పుటుక్కున తెగి చెవులు బొంగరం ఒళ్లో పడ్డాయి.

మంచెలో ముందు ఒకే దయ్యం ఉండేది, తొమ్మిది వందల దగ్గర. మేస్త్రి దాన్ని కట్టెయ్యలేదు, రెండుగా చీల్చి చెరో పక్కకి తరిమాడు. ఎన్ని బరువులు విడివిడిగా ఊగగలిగితే అన్ని దయ్యాలు. ఒకటి కింద, ఒకటి పైన, నడుమ తొమ్మిది వందల దగ్గర చిన్న ఖాళీ. ఆ ఖాళీలోనే ఆరేళ్లూ అందరూ హాయిగా టీ తాగారు.

సూత్రం సారు కంప్యూటరు పక్కన పెట్టేసి, తెల్లకాగితం మీద రెండు పెట్టెలు గీశాడు, మధ్యలో స్ప్రింగు గీశాడు. ఒక్కో పెట్టెకీ విడిగా ఒక్కో వరస రాశాడు. దిమ్మ పదో వంతు కదా అని నన్నడిగి మరీ లెక్క కట్టాడు. ఆయన పెన్ను కింద రెండు అంకెలు తేలాయి. ఏడు వందల డెబ్భై. వెయ్యిన్నీ యాభై.

“నాదే పొరపాటు,” అన్నాడు. చదువుకున్నవాడి నోట ఆ మాట నేను అంతకుముందు వినలేదు. మనిషి మీద నాకున్న కోపం అక్కడే పోయింది. ఆయన అంతటితో ఆగలేదు. ఆ కొయ్య ముక్కల గురించి తనే చెప్పాడు, గొంతు తగ్గించి. “రెండు పక్కలా ముక్కలు దిగగొడితే దిమ్మ ఇక విడిగా ఊగదు, మంచెతో ఒకటైపోతుంది. అప్పుడు నా మొదటి లెక్కే నిజమయ్యేది. భయం లేకపోయేది. ఆయన నా తప్పు లెక్కని నిజం చేయబోయాడు. ఒక పక్క కొట్టాడు. రెండో పక్కకి టైము చాల్లేదు.”

అంటే పారిపోవడానికి టైము ఉంది. మంచె స్తంభాల బోల్టులు విరుగుతున్నాయి, ఆయన మెట్లెక్కే నిమిషమున్నర దాకా అవి ఆగవు, పైన క్యాబిన్ ఉంది, గొట్టం మీద దెబ్బలు ఎవరూ వినలేదు. ఆయన బయటికి పోకుండా కిందికి దూరాడు.

నేను బొంగరం వైపు తిరిగాను. వేగం పెంచి మనిషిని చంపావు అనబోయి, మళ్లీ ఆ గుండ్రటి కాగితం చూశాను. పది మెట్లు. ఒకదానికొకటి అచ్చుపోసినట్టున్నాయి. మీట నిమిషానికి ఒక్క గీత చొప్పున జరిగింది, ఎక్కడా తొందర లేదు. బొంగరం అయితే ఒక్క విసురులో వెయ్యిన్నీ యాభైకి తిప్పేసేవాడు. ఇంత ఓపికగా, మెషిన్‌ని అడిగి అడిగి ఎక్కించే పద్ధతి నాకు తెలుసు. షెడ్డులో నా చెయ్యి పట్టుకుని నేర్పింది ఆయనే. ఇంకెవరికి నేర్పి ఉంటాడో ఆలోచించడానికి నాకు భయమేసింది.

“మీట ఎవరు తిప్పారు?” అన్నాను.

బొంగరం నన్ను చూడలేదు. ఆ పూట ఆపరేటరు రాలేదని, ఈ గదిలోంచి తను ఫోనులో చెప్పానని, క్యాబిన్‌లో ఉన్న మనిషి తిప్పిందని, ఆ చెయ్యి తనది కాదని చెప్పి తలుపు వైపు చూశాడు.

తలుపు దగ్గర అమ్మాయి నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో తెలియదు.

కాగితం ఎందుకడిగాడో అప్పుడు అర్థమైంది. మేస్త్రి అరచెయ్యి కింద మంచె వేగం పుంజుకుంటుంటే, ఆ గీతల నడక పట్టి, మీట మీదున్నది ఎవరి చెయ్యో ఆయనకి తెలిసిపోయింది. కూతురు బతికే ఉందని విన్నాక, ఆ సంగతి ఆ పిల్లకి ఎప్పటికీ తెలియకూడదనుకున్నాడు. ట్రైనీలు మీట ముట్టుకోరు కదా అని, వెయ్యిన్నీ యాభై సంగతి ఆమెకి తను ఎన్నడూ చెప్పలేదు. తప్పు నాదే అని రాయించిన మాటలో ఆయన లెక్క ప్రకారం సగం నిజమే ఉంది.

నేను అప్పుడు చేసిన పని చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. గుండ్రటి కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాను. ఏమీ లేదమ్మా, ఇంటికి పద, నాలుగింటికి ఆ సంతకం కానియ్యి అన్నాను. అన్న చివరి కోరిక అది. కాదనడానికి నేనెవర్ని అనిపించింది.

అక్కడితో ఈ కథ అయిపోవాల్సింది. బొంగరమే దాన్ని పొడిగించాడు. తన తప్పేమీ లేదని నిరూపించాలని ఛాతీ విరుచుకుని నిలబడ్డాడు.

“ఈ తాళాలు, రబ్బర్లు నాకొద్దు. మొదటి లైను ఆగిందని రెండో లైను వేగం పెంచమన్నా. మూడింటి నుంచి పెంచుతున్నారు. అక్కడా అదే ఉయ్యాల. ఏమైంది? ఏమీ కాలేదు.”

సూత్రం సారు గోడ గడియారం చూశాడు. మూడూ ఆరు.

“ఎలా పెంచుతున్నారు?”

“అక్కడి ఆపరేటరు పద్ధతి అంతే. నిమిషానికి ఒక గీత. వాడూ ఆ ముసలాయన దగ్గర నేర్చినవాడే.”

“గీతకి పదిహేను చుట్లు. ఇప్పుడు తొమ్మిది వందల తొంభై దగ్గర ఉంటుంది,” అన్నాడు సూత్రం సారు. “అందుకే ఏమీ కాలేదు. ఇంకో నాలుగు నిమిషాలు.”

తగ్గించమని చెప్పు అన్నాను. బొంగరం ఫోను మీద చెయ్యి పెట్టాడు గాని ఎత్తలేదు. ఇప్పుడు తగ్గిస్తే మొన్నటిది తనే చేసినట్టు ఒప్పుకోవడమే కదా. ఆయన చెయ్యి పక్కకి నెట్టి నేనే తీశాను. అవతల రెండో లైను ఆపరేటరు. నేనెవరో చెప్పాను, విషయం చెప్పాను. సూపర్‌వైజరు గారు చెబితేనే తగ్గిస్తానన్నాడు. నోటికొచ్చిన అబద్ధాలన్నీ ఆడాను, మంచె మీద పిడుగు పడబోతోందని కూడా చెప్పాను. నా జీవితంలో మొదటిసారి నా మాట నాకే నమ్మబుద్ధి కానట్టు వినపడింది. అవతలివాడు నవ్వి, ఉయ్యాల ఉంది కదండీ అన్నాడు.

సూత్రం సారు అప్పటికే రెండో హాలు వైపు పరిగెత్తాడు. ఆ హాలు ఎంత దూరమో నాకు తెలుసు. ఆయన చేరడు.

అమ్మాయి వచ్చి నా చేతిలోంచి ఫోను తీసుకుంది. తొందరగా లాక్కోలేదు, అడిగినట్టు తీసుకుంది. వద్దమ్మా అన్నాను. ఆమె బల్ల మీదున్న తాళాన్ని, తెగిన రబ్బరుని చూస్తూ మాట్లాడింది.

“అన్నా, నేను మేస్త్రి గారి కూతుర్ని. మొన్న వేగం పెంచింది నేనే. పది గీతలు. ఉయ్యాల ఉంది కదా అనే పెంచాను. మా నాన్న నట్టు తియ్యలేదు. నేను పెంచినందుకు పోయాడు. నువ్వు ఒక్కసారే తొమ్మిది వందలకి తిప్పెయ్.”

గడియారం మూడూ తొమ్మిది. బొంగరం కుర్చీలో కూర్చుండిపోయాడు. తర్వాత ఫోనులోంచి, నాక్కూడా వినపడేటట్టు, తిప్పేశానమ్మా అన్న మాట వచ్చింది.

ఆమె ఫోను పెట్టలేదు.

“మంచె కింద ఎవరైనా ఉన్నారా?”

ఫిట్టరు ఉన్నాడట. దిమ్మకి గ్రీజు పెట్టడానికి దూరాడట.

“పైకి పిలువు. ఆయన గొంతు వినాలి.”

యాభై రెండు మెట్లు ఎక్కడానికి పెద్దవాళ్లకి చాలాసేపు పడుతుంది. ఆ సేపంతా ఆమె ఫోను చెవికి ఆనించుకుని గోడ చూస్తూ నిలబడింది. నేను జేబులోంచి గుండ్రటి కాగితం తీసి, మడత విప్పి, నివేదిక మీద పెట్టాను. ఎంతసేపటికో ఫోనులో ఒక ముసలి గొంతు, ఆయాసపడుతూ, ఎవరమ్మా అంది.

“ఏం లేదండీ,” అంది అమ్మాయి. “మీరు కాసేపు పైనే కూర్చోండి.”